పూత పగిలిందా, చెక్క చీలిందా? ఒక పాత గిటార్ వయసు గురించి

ప్రశ్న: మా తాతగారు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మిషన్ ఆస్పత్రిలో కాంపౌండర్‌గా పనిచేశారు. అక్కడి అమెరికన్ దంపతులు 1970ల మొదట్లో స్వదేశానికి వెళ్లిపోతూ ఆయనకు ఒక గిటార్ ఇచ్చారు. ఆయన పోయిన తర్వాత అది రెగ్జిన్ కవరులో అటక మీదే ఉండిపోయింది. ఇటీవల దించి చూస్తే తల భాగం మీద హార్మొనీ అనే పేరు, లోపల వెనుక పలక మీద '4318 హెచ్ 162' అనీ, కొంచెం పక్కన 'ఎఫ్-61' అనీ సిరా ముద్రలు కనిపించాయి. ముందు పలక నిండా వెంట్రుకల్లాంటి గీతలు అడ్డంగా ఉన్నాయి. తీగల కింది కొసలు బిగించే బ్రిడ్జి దగ్గర మొదలై కింది అంచు దాకా నిలువుగా ఇంకో పొడవైన గీత ఉంది. ఇన్ని పగుళ్లు ఉన్నాయంటే ఇది 1930ల నాటిదని, లక్షలు పలుకుతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. మాకు తెలిసిన పాలిష్ మేస్త్రీ మెలమైన్ కొట్టి కొత్తదానిలా చేసి ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– జడ్చర్ల నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఇద్దరి మాటా వినకండి. మీరు రాసిన ముద్రలను మీరు సరిగ్గానే చదివి ఉంటే ఆ గిటార్ 1961లో షికాగోలో తయారైంది. అది 1930ల నాటిది కాదు, లక్షలు పలికేదీ కాదు. అడ్డంగా ఉన్న గీతలు పూతకు సంబంధించినవి కనుక వాటి గురించి మీరు చేయవలసింది ఏమీ లేదు. నిలువుగా ఉన్న ఆ ఒక్క గీత సంగతి వేరు; అది పూతలోనే ఆగిందా, చెక్కలోకి దిగిందా అన్నది తేలే వరకు తీగలు బిగించవద్దు, మేస్త్రీకి గిటార్ అప్పగించవద్దు.

ముందు వయసు సంగతి చూద్దాం. హార్మొనీ 1892లో షికాగోలో మొదలైన కంపెనీ. 1916లో సియర్స్ సంస్థ దానిని కొనుక్కున్నది, 1940 ప్రాంతంలో అది మళ్లీ విడిపోయింది, 1975లో షికాగో కర్మాగారం మూతపడింది. సామాన్యులు కొనుక్కోగల ధరలో గిటార్లను పెద్ద సంఖ్యలో తయారు చేయడమే దాని వ్యాపారం. మహబూబ్‌నగర్, వనపర్తి, దేవరకొండ ప్రాంతాలలో దశాబ్దాల పాటు పనిచేసిన అమెరికన్ మిషనరీలలో ఒకరి సామానులో అటువంటి గిటార్ ఉండడం ఎంత మాత్రం ఆశ్చర్యం కాదు. మీరు చూసిన రెండు ముద్రలలో మొదటిదానిని చాలామంది వరుస సంఖ్య అనుకొని, దానితో సంవత్సరం కనిపెట్టాలని చూసి విసిగిపోతారు. అందులో 'హెచ్' తర్వాత ఉన్న 162 మోడల్ సంఖ్య. ముందున్న అంకెలు తయారైన ఏడాదిని చెప్పవు. స్ప్రూస్ అనే లేత రంగు చెక్కతో ముందు పలక, మహాగని చెక్కతో వెనుక పలక, పక్కలు ఉన్న మధ్యరకం పరిమాణపు గిటార్‌ను హార్మొనీ 162 అనే సంఖ్యతో అమ్మింది కనుక, మీ గిటార్ ముందు పలక లేత పసుపు రంగులోనూ, వెనుక పలక ఎర్రటి గోధుమ రంగులోనూ ఉంటే ఆ ముద్ర, ఆ వస్తువు పరస్పరం సరిపోయినట్లే.

తయారైన ఏడాదిని చెప్పేది రెండో ముద్ర. 'ఎఫ్' అంటే ఆకురాలు కాలమని కొందరు, ఏడాదిలో మొదటి సగమని మరికొందరు అంటారు. 'ఎస్' అని ఉన్న వాటి విషయంలోనూ ఇదే తగువు ఉంది. దాని వల్ల నెలల తేడా వస్తుందే తప్ప ఏడాది మారదు కాబట్టి మీరు ఆ తగువులోకి దిగవలసిన అవసరం లేదు. అయితే ఆ ముద్రను ఇంకొకసారి జాగ్రత్తగా చదవండి. సిరా వెలిసిపోయినప్పుడు 1, 7 ఒకలాగే కనిపిస్తాయి, 61కి 67కి మధ్య ఆరేళ్ల తేడా ఉంది. గిటార్‌ను చీకటి గదిలో పెట్టి, ఫోన్ లైటును ముందు పలక మధ్యలోని గుండ్రటి రంధ్రం, అంటే సౌండ్ హోల్‌లో నుంచి నేరుగా కాకుండా పక్కవాటుగా వేసి, ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. గిటార్‌తో పాటు పాత పెట్టె గాని, కంపెనీ చిరునామా ఉన్న చీటీ గాని దొరికితే దానిని పారేయకండి. అమెరికా చిరునామాలలో అయిదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది కనుక, ఆ కోడ్ ఉన్న చీటీ అంతకు ముందుది కాజాలదు. చీటీ తర్వాతి కాలానిదైనంత మాత్రాన గిటార్ కూడా తర్వాతిదే అనుకోనక్కరలేదు, ఎందుకంటే పెట్టెలు, చీటీలు చేతులు మారుతూ ఉంటాయి.

ఇతర కంపెనీల గిటార్లు ఇంట్లో ఉన్నవారి కోసం రెండు మాటలు. మార్టిన్ గిటార్లలో నెక్, అంటే పొడవాటి మెడ భాగం, వచ్చి పెట్టెలో కలిసే చోట, లోపలి దిమ్మె మీద వరుస సంఖ్య ఉంటుంది. 1898లో 8000 దగ్గర మొదలైన ఆ లెక్క తెగకుండా సాగింది కనుక, సంఖ్య చదవగలిగితే ఏడాది దొరికినట్లే. గిబ్సన్ వ్యవహారం అంత సులువు కాదు. 1960లలో ఆ కంపెనీ ఒకే సంఖ్యను ఒకటికి రెండు మూడుసార్లు వాడింది, 1977 నుంచి వచ్చిన ఎనిమిదంకెల సంఖ్యలో మాత్రం మొదటి అంకె, అయిదో అంకె కలిపితే ఏడాది వస్తుంది. యమహా గిటార్ లోపలి చీటీ మీద నిప్పన్ గక్కి అని ఉంటే అది 1987కు ముందుది, ఎందుకంటే ఆ ఏడాదే కంపెనీ ఆ పేరును వదిలి యమహా కార్పొరేషన్ అయింది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కలకత్తా గిటార్ల విషయంలో ఇటువంటి పద్ధతేదీ నమ్మదగినది కాదు. వాటికి కొన్న రసీదు, పాత ఫొటోలు, ఇంట్లో పెద్దల జ్ఞాపకం ఇవే ఆధారాలు.

ఇప్పుడు మీ మిత్రుడి వాదానికి వద్దాం. పగుళ్లను బట్టి వయసు చెప్పడం చాలామంది చేసే పనే, కాని అది నిలవదు. 1920ల దాకా మంచి గిటార్ల మీద ఎక్కువగా లక్కను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్‌గాని, వార్నిష్‌గాని ఉండేది. కార్ల కోసం డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ నిమిషాలలో ఆరిపోవడంతో, గిటార్ కర్మాగారాలు కూడా ఆ దశాబ్దం రెండో సగంలో ల్యాకర్ వైపు మళ్లాయి. మన వడ్రంగులు ఎన్‌సీ ల్యాకర్ అనేది ఈ జాతిదే. పత్తి నారను నత్రికామ్లంతో మార్చి చేసే ఈ పదార్థం ఒంటరిగా ఉంటే పెళుసుగా ఉంటుంది కనుక, దానికి మెత్తదనం ఇవ్వడానికి కర్పూరం, ఆముదం, ఆ తరువాతి కాలంలో థాలేట్ జాతి రసాయనాలు కలిపేవారు. పాలమూరు, నల్లగొండ చెల్కలలో పండే ఆముదం అటువంటి పనికి కూడా వస్తుందంటే మన రైతులకు వింతగా ఉంటుందేమో! ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెత్తదనం ఇచ్చేవి కొన్ని ఆవిరైపోతాయి, కొన్ని పైకి చెమర్చి తుడుచుకుపోతాయి, నైట్రోసెల్యులోజ్ కూడా లోలోపల విరుగుతూ పసుపెక్కుతుంది. పూత కుంచించుకుపోయి బిగుసుకుంటుంది, కింద ఉన్న చెక్క మాత్రం గాలిలోని తేమను బట్టి కదులుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ పూత ఓర్చుకోలేక పగులుతుంది. అది ఎప్పుడన్నది ఏళ్ల మీద కన్నా గిటార్ పడ్డ ఒడుదుడుకుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. గడ్డకట్టే చలిలో ప్రయాణించి వచ్చిన గిటార్‌ను పెట్టెలో నుంచి వెంటనే వెచ్చటి గదిలోకి తీస్తే, అది కొన్నది నిన్ననే అయినా కళ్ల ముందే పగుళ్లు పాకవచ్చు. ఒకే చోట, ఒకే తీరు వాతావరణంలో ఉన్న గిటార్ అరవై ఏళ్లయినా నున్నగా ఉండవచ్చు. కాబట్టి నైట్రో పూత, దాని మీద పగుళ్లు కలిసి చెప్పేది ఒక్కటే: ఆ వాయిద్యం బహుశా 1920ల రెండో సగానికి ముందుది కాదు. అంతకు మించిన సాక్ష్యం వాటి నుంచి లాగకూడదు. పైగా కొత్త గిటార్లను పాతవాటిలా అమ్మడానికి చల్లటి స్ప్రేతోనూ, బ్లేడుతోనూ పగుళ్లు పుట్టించేవారు ఉన్నారు. బ్లేడుతో గీసినవి సాధారణంగా తిన్నగా, సమాన దూరంలో, మరీ బుద్ధిగా ఉంటాయి. అమ్మేవాడు పగుళ్లనే పదేపదే చూపిస్తుంటే కొనేవాడు లోపలి ముద్రల వైపు చూడడం మంచిది.

పగుళ్లు ఏడాదిని చెప్పకపోయినా, అవి సాగిన దిశ మాత్రం చాలా చెబుతుంది. ముందు పలక మీద సన్నటి సమాంతర గీతలుగా కనిపించే చెక్క నార, నెక్ వైపు నుంచి కింది అంచు వైపు నిలువుగా సాగుతుంది. చలికి ల్యాకర్ గట్టిగా ముడుచుకుంటుంది, చెక్క నార పొడవునా మాత్రం దాదాపు ముడుచుకోదు. ఆ రెంటి మధ్య పెనుగులాట నార పొడవునా ఎక్కువ కనుక పూత దానికి అడ్డంగా తెగుతుంది. మీరు వర్ణించిన వెంట్రుక గీతలు సరిగ్గా ఇవే. జడ్చర్ల చలికాలం అటువంటి దెబ్బ కొట్టేంతటిది కాదు కాబట్టి, ఇవి షికాగో చలిలోనో, మరొక చల్లటి చోటనో, ప్రయాణంలోనో మొదలై ఉంటాయని నా ఊహ. మన వాతావరణం కలిగించే నష్టం వేరే రకానిది. వానాకాలంలో ఇంటి తలుపు ఉబ్బి గడపకు పట్టేసి, వేసవిలో మళ్లీ వదులైపోవడం మీరు చూసే ఉంటారు. చెక్క తేమకు ఉబ్బేది, ఎండకు ముడిచేది నారకు అడ్డంగానే. అందువల్ల తేమ మార్పుల నుంచి వచ్చే పూత పగుళ్లు నార వెంబడి, నిలువుగా వస్తాయి.

ఇబ్బంది ఎక్కడంటే, చెక్క చీలికలు వచ్చేది కూడా నిలువుగానే. చెక్క తనంత తాను నారకు అడ్డంగా చీలదు, గట్టి దెబ్బ తగిలితే తప్ప. కాబట్టి అడ్డ గీతలను చూసి భయపడనక్కరలేదు, నిలువు గీతను మాత్రం పరీక్షించకుండా వదలకూడదు. ముందుగా గోటిని ఆ గీత మీదుగా మెల్లగా అడ్డంగా లాగండి. పూత పగులైతే సన్నటి గరుకు తగులుతుంది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క దిగువగా మెట్టులా తగిలితే చీలికను అనుమానించాలి. తర్వాత గదిని చీకటి చేసి, చిన్న ఎల్ఈడీ లైటును గిటార్ లోపల ఉంచి బయటి నుంచి చూడండి. గీత పొడవునా వెలుగు సన్నని దారంలా కనిపిస్తే చెక్క ఆరపార చీలినట్లే. వెలుగు రాకపోయినా అక్కడితో నిశ్చింత పడకుండా, పంటి డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని సౌండ్ హోల్‌లో నుంచి పంపి, ముందు పలక లోపలి వైపు అదే చోట గీత ఉందో లేదో చూడండి. లోపల పూత ఉండదు కనుక అక్కడ కనిపించే గీత చెక్కదే అవుతుంది. చివరగా, గీతకు రెండు వైపులా బొటనవేళ్లతో మార్చి మార్చి అతి మెల్లగా నొక్కి చూడండి. ఒక పక్క కదిలి మరో పక్క కదలకపోతే ఇక సందేహం అక్కరలేదు.

మీరు చెప్పిన చోటును బట్టి నేను చీలిక వైపే మొగ్గుతున్నాను. బ్రిడ్జి కింద ఉన్న పలక మీద తీగల లాగుడు ఎప్పుడూ ఉంటుంది, ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 65 నుంచి 75 కిలోల బలంతో లాగుతాయి. రేకుల కిందో, స్లాబు కిందో అటక మీద మన ఏప్రిల్, మే నెలల వేడిలో ఏళ్ల తరబడి ఎండిన స్ప్రూస్ పలక ముడుచుకోవాలని చూస్తే, దానికి అడ్డంగా అతికి ఉన్న బ్రిడ్జి, లోపలి అడ్డకర్రలు ముడుచుకోనివ్వవు. అప్పుడు పలక బలహీనమైన చోట విడుతుంది. ఇది బాగుకాని జబ్బు కాదు. గిటార్‌ను కొన్ని వారాలు సరైన తేమలో ఉంచితే చీలిక చాలావరకు దానంతట అదే మూసుకుంటుంది. తర్వాత వేడి జంతు జిగురు ఎక్కించి, లోపలి వైపు పలుచటి స్ప్రూస్ బిళ్లలను నారకు అడ్డంగా అతికిస్తారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో వయొలిన్లు, గిటార్లు బాగుచేసే వారి దగ్గరకు వెళ్లి, ఏ జిగురు వాడతారని ముందే అడగండి. ఫర్నిచర్‌కు వాడే తెల్ల జిగురు లాగుడు కింద మెల్లగా జారుతుంది, ఒకసారి చెక్కలోకి ఇంకితే తర్వాత వేరే జిగురు పట్టనివ్వదు. నిమిషంలో అతికే సూపర్ జిగురు పొరపాటున బయటికి కారితే ల్యాకర్‌ను కరిగించి మచ్చ చేస్తుంది.

మేస్త్రీ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఆయన చేతి మెలమైన్ బీరువాకు బాగానే ఉంటుంది. అది గిటార్‌కు చేసే మేలు లేదు. మెలమైన్ కొట్టాలంటే ముందు పాత పూతను ఉప్పు కాగితంతో గీకేయాలి, ఆ గీకుడులో పలుచటి ముందు పలక ఇంకా పలుచబడుతుంది. దాని మీద మందంగా పడే గట్టి పొర పలక కంపనాన్ని పట్టి ఉంచుతుంది. పాత వాయిద్యాల బేరంలో మొదటి పూత పోయిన గిటార్‌కు పూత ఉన్నదానితో పోలిస్తే సుమారు సగం ధరే వస్తుందన్నది వ్యాపారుల వాడుక. పగుళ్లు ఉన్నందువల్ల తగ్గే ధర అందులో ఏ మూలకూ రాదు. పగుళ్లలో ఆముదమో కొబ్బరినూనెనో రాస్తే పూతకు పోయిన మెత్తదనం తిరిగి వస్తుందనుకునేవారూ ఉన్నారు. నూనె పూతలో కలవదు, పగులు దారిన చెక్కలోకి దిగి నల్లటి గీత అవుతుంది. సిలికాన్ ఉన్న మెరుపు పాలిష్‌లు కూడా వద్దు, తర్వాత చేయవలసిన ఏ మరమ్మతునూ అవి సరిగ్గా అంటుకోనివ్వవు. నీళ్లలో ముంచి బాగా పిండిన మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి, అది చాలు.

పూత నిజంగా నైట్రోదేనా, మధ్యలో ఎవరైనా ఏదైనా పూశారా అని తెలుసుకోవాలంటే, దొంగ నోట్లు పట్టడానికి దుకాణాలలో వాడే నీలి లైటు కింద చీకటిలో చూడండి. పాత నైట్రో పూత లేత పసుపు, ఆకుపచ్చల మధ్య మెరుపునిస్తుంది. లక్క పాలిష్ నారింజ రంగులో మెరుస్తుంది. తర్వాత పూసిన చోట్లు చుట్టుపక్కల మెరుపుతో కలవకుండా వేరుగా కనిపిస్తాయి. థిన్నర్ చుక్క వేసి చూడమని కొందరు సలహా ఇస్తారు. అది నైట్రో పూతను కరిగిస్తుంది కనుక పరీక్ష సరైనదే గాని, మచ్చ మిగులుతుంది. లైటు ఉండగా దాని అవసరం లేదు.

రెగ్జిన్ కవరును మాత్రం ఈ రోజే తీసేయండి. రెగ్జిన్‌ను మెత్తగా ఉంచే రసాయనం నైట్రో పూతలోకి ఎక్కి దానిని జిగటగా మారుస్తుంది, వేసవిలో కవరు గుర్తులు పూత మీద అచ్చుపడతాయి. నల్ల రబ్బరు గొట్టాలున్న స్టాండ్ మీద ఆనించినా ఇదే జరుగుతుంది. నూలు గుడ్డలో చుట్టి గట్టి పెట్టెలో పెట్టడం మేలు. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ హితమైనది. మన వేసవి మధ్యాహ్నాలలో అది 30 శాతం కన్నా దిగువకు పోతుంది, జూలై, ఆగస్టు నెలలలో 80 దాటుతుంది. పెట్టెలో చిన్న తేమ మీటరు ఉంచి, వేసవిలో చిల్లులు పెట్టిన సబ్బు డబ్బాలో పిండిన తడి స్పాంజిని, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలను పెట్టండి. కూలర్ గాలికి ఎదురుగా గిటార్ ఉంచకండి, పగలు ఉబ్బి రాత్రి ఎండడం ఒకే తీరు పొడి కన్నా హాని. మరమ్మతుకు హైదరాబాద్ తీసుకుపోయేటప్పుడు తెల్లవారుజామున బయలుదేరండి. ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి పాత జంతు జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోగలదు.

ఇక విలువ. మంచి స్థితిలో ఉన్నా ఈ మోడల్ అమెరికాలోనే సామాన్యమైన ధరకు దొరుకుతుంది, చీలిక ఉన్నది ఇంకా తక్కువకు. కనుక ఖర్చు పెట్టే ముందు ఇంకో సంగతి చూడాలి. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను ఫ్రెట్లు అంటారు; పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య ఎడం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉండడం మామూలు. పాత హార్మొనీలలో నెక్ ముందుకు వంగి ఆ ఎడం 4, 5 మిల్లీమీటర్లకు పెరగడం తరచుగా జరుగుతుంది. నెక్‌ను విప్పి కోణం సరిచేసి మళ్లీ అతికించాలంటే అయ్యే ఖర్చు గిటార్ ధరను మించవచ్చు. చీలిక ఒక్కటే ఉంటే తప్పకుండా బాగుచేయించండి. నెక్ కూడా వంగి ఉంటే, తాతగారి వస్తువు మీద మమకారంతో ఆ ఖర్చు భరించాలా వద్దా అన్నది లెక్క తేల్చే విషయం కాదు, మీ ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం. బాగుచేయించిన తర్వాత 0.011 అంగుళంతో మొదలయ్యే పలుచటి తీగల సెట్టు గాని, అంతకన్నా పలుచటిది గాని వేయండి. ఈ కంపెనీ గిటార్ల లోపలి అడ్డకర్రలు నిచ్చెన మెట్లలా ఉంటాయి, బరువు తీగల లాగుడుకు వాటి పలక బ్రిడ్జి వెనుక ఉబ్బుతుంది. వాయించని నెలలలో ప్రతి తీగనూ ఒక పూర్తి స్వరం మేర దింపి ఉంచండి.